కుండపోత వానలో నాలుగు ఇండికేటర్లు: మీ బావమరిది చెప్పింది ఎంతవరకు నిజం?

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. శనివారం సాయంత్రం కొండాపూర్ నుంచి హనుమకొండకు బయల్దేరారు. గచ్చిబౌలిలో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కారు. శంషాబాద్ దాటాక వాన పట్టుకుంది. తుక్కుగూడ దగ్గరికి వచ్చేసరికి ముందున్న బండి కూడా ఆనని కుండపోత. ముందూ వెనకా అందరూ నాలుగు ఇండికేటర్లూ వేసుకుని పోతుంటే మీరూ వేశారు. పక్కన కూర్చున్న మీ బావమరిది ‘తీసెయ్యండి బావా, అది తప్పు’ అన్నాడు. మీరు తీయలేదు. ఘట్‌కేసర్‌లో ఔటర్ దిగేదాకా వాదన నడిచింది. మధ్యలో ఫ్లోరిడాలో ఉన్న మీ స్నేహితుడికి ఫోను చేస్తే, అక్కడ చట్టమే ఒప్పుకుంటుందన్నాడు. ఇప్పుడు తీర్పు చెప్పమంటున్నారు.

మీ బావమరిదిదే రైటు. ఈ మాట ఇంట్లో ఎలా చెప్పుకుంటారో మీ ఇష్టం.

నేను ఆర్టీసీలో 26 ఏళ్లు బస్సు నడిపాను. రిటైరయ్యాక ఎల్బీ నగర్ వైపు కారు డ్రైవింగ్ నేర్పుతున్నాను. ఈ ప్రశ్న ప్రతి వానాకాలంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. సాధారణంగా రెండు ముక్కల్లో తేల్చేస్తాను. కానీ మీ ప్రశ్న చివర పక్కమాటగా రాసిన ఒక వాక్యం నన్ను ఆపేసింది. ‘బొంగ్లూరు దగ్గర ఎడమ వరుసలోకి వస్తుంటే, ఇండికేటర్ వేసినా లెక్కచేయకుండా ఒక వ్యాను హారను కొడుతూ దూసుకొచ్చింది, మనవాళ్లకు క్రమశిక్షణ లేదు’ అని రాశారు. ఆ వ్యాను డ్రైవరు ఇక్కడ లేడు కాబట్టి అతని తరఫున నేను మాట్లాడతాను.

మీరు ఇండికేటర్ వేయలేదు. స్టీరింగు పక్కనుండే ఇండికేటర్ పుల్ల అయితే ఎడమవైపు నొక్కి ఉంటారు, నేను కాదనను. కానీ నాలుగు ఇండికేటర్లనూ కలిపి వెలిగించే హజార్డ్ స్విచ్ నొక్కి ఉన్నంతసేపు చాలా కార్లలో ఆ పుల్ల పనిచేయదు. నాలుగు దీపాలూ అప్పటికే కొట్టుకుంటున్నాయి. మీరు నొక్కినా అవి అలాగే కొట్టుకుంటూ ఉంటాయి. మీ ముందున్న మీటర్ల పలకలో రెండు పచ్చ బాణాలూ వెలిగి ఆరుతూ ఉంటాయి కాబట్టి మీకు అనుమానం కూడా రాదు. ఇటీవలి కొన్ని కార్లలో పుల్ల నొక్కితే హజార్డ్ తాత్కాలికంగా ఆగి ఒకవైపే వెలిగే ఏర్పాటు ఉంది. మీది ఏ రకమో ఇంటి దగ్గర ఆపి చూసుకోండి, అర నిమిషం పని. వ్యాను వాడికి కనిపించింది మాత్రం ఒక్కటే: చాలాసేపటి నుంచి ఒకే తీరున మిణుకుమంటున్న కారు ఉన్నట్టుండి తన దారిలోకి జరిగింది. హారను కొట్టక ఏం చేస్తాడు?

ఇంకో సంగతి. మీ కారు మొత్తం వెనకవాడికి కనిపిస్తుందని మీరు అనుకుంటున్నారు. మీకూ అతనికీ మధ్య ఇంకో బండి ఉంటే మీ వెనకభాగంలో సగమే కనిపిస్తుంది. పక్క వరుసలో మీకంటే ముందున్న లారీ డ్రైవరు అద్దంలో చూసినా అంతే, తరచూ ఒక మూలే కనిపిస్తుంది. సగమే కనిపించే హజార్డ్‌కూ మామూలు ఇండికేటర్‌కూ తేడా ఏమిటి? ఏమీ లేదు. మీరు ‘జాగ్రత్త’ అనుకుని వేసిన దీపం ఒకడికి ‘కుడికి వస్తున్నాను’ అనీ, ఇంకొకడికి ‘ఎడమకు పోతున్నాను’ అనీ వినిపిస్తుంది. అతను దాన్ని నమ్మి మీకు దారి ఇస్తాడు, లేదా మీరు ఖాళీ చేస్తారనుకున్న జాగాలోకి వస్తాడు.

బస్సులో కండక్టరు తాడు లాగితే ఒక గంటకు ఆపడం, రెండు గంటలకు కదలడం. నా ఉద్యోగం మొదట్లో ఒక కొత్త కండక్టరు ఉండేవాడు. రద్దీ ఎక్కువైతే కంగారులో గంట ఆపకుండా కొట్టేవాడు. అతని ఉద్దేశం జాగ్రత్త అని. నాకు మాత్రం ఆగాలో పోవాలో తెలిసేది కాదు. చివరికి ఒకరోజు కోఠిలో బస్సు పక్కన పెట్టి, దిగి వెనక్కి వెళ్లి, ‘బాబూ, నువ్వు కొట్టకపోయినా నాకు ఇంతకంటే బాగా అర్థమవుతుంది’ అని చెప్పాల్సివచ్చింది. ఔటర్ మీద వానలో పోయే కార్ల వరుస చూస్తే నాకు ఆ పిల్లవాడే గుర్తుకొస్తాడు.

అసలు ఈ దీపాలు పెట్టింది ఎందుకు? మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో వచ్చాయి. ఇండికేటర్ల గురించి చెప్పేచోటే, బండి కదలలేని స్థితిలో ఉన్నప్పుడు అన్నీ కలిసి కొట్టుకుంటూ మిగతా వాహనాలను హెచ్చరించేలా ఉండాలన్న మాట కూడా ఉంది. బండి కదలలేని స్థితిలో అన్నదే అందులో కీలకం. అందుకే ఆ స్విచ్ మీద ఎర్ర త్రికోణం బొమ్మ వేస్తారు. అందుకే దాన్ని తాళంచెవి తీసేసినా పనిచేసేలా కలుపుతారు. 2020 అక్టోబరు 13 రాత్రి బేగంపేటలో 19 సెంటీమీటర్ల వాన కురిసిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. మా వీధిలో కిటికీల దాకా మునిగిన ఒక కారుకు, లోపల మనిషి లేకుండానే, నీళ్ల కింద నాలుగు దీపాలూ మిణుకుమంటూ ఉండటం మేడమీది నుంచి చూశాను. చాలాసేపు అలాగే వెలిగాయి. చూడటానికి భయం వేసింది కానీ, ఆ దీపం చెప్పాల్సిన మాట సరిగ్గా అదే: నేను ఇక్కడే ఉన్నాను, కదలలేను.

ఇప్పుడు కదులుతున్న వందమంది అదే మాట చెబుతుంటే, నిజంగా కదలనివాడి గతి ఏమిటి?

ఇది నాకు ఎదురైంది. పదిహేనేళ్ల కిందటి మాట. విజయవాడ రోడ్డులో చౌటుప్పల్ దాటాక సాయంత్రం ఆరున్నరకు గాలివాన. నేను నా పాత కారులో ఉన్నాను. ముందు నాలుగైదు కార్లు వరుసగా హజార్డ్ వేసుకుని నలభై, యాభైలో పోతున్నాయి. నేనూ వాటి వెనకే. కాసేపటికి కన్ను అలవాటు పడిపోయింది. ముందు పసుపు మిణుకు కనిపిస్తే అది కదులుతున్న కారేనని మనసు తీర్మానించేసుకుంది. ఒక వంపు తర్వాత ఎడమవైపు ఒక మిణుకు కనిపించింది. మిగతావాటిలాగే ఉంది. అది దగ్గరవుతోందని తెలిసేసరికి మధ్యలో రెండు బండ్ల జాగా కూడా లేదు. టైరు పంచరై ఆగిన కారు అది. బ్రేకు తొక్కితే నా కారు జారింది, స్టీరింగు ఎడమకు తిప్పితే మట్టిలోకి దిగి ఆగింది. నా కుడి అద్దం ఆ కారు మూలకు జానెడు దూరంలో ఉంది. వెనక సీటు మీద మోకాళ్లు వేసి ఒక పాప అద్దంలోంచి నన్ను చూస్తోంది, చేతిలో జామకాయ ఉంది. కొరకడం మానేసి చూస్తోంది. ఆ డ్రైవరు చేసిన తప్పేమీ లేదు, వేయాల్సిన దీపమే వేశాడు. నాలుగైదు కిలోమీటర్లుగా అదే దీపాన్ని చూసిచూసి నాకే దాని అర్థం పోయింది.

ఆ తర్వాత మా శిక్షణలో ఒక చిన్న పరీక్ష పెట్టాను. మబ్బు పట్టిన సాయంత్రం ఖాళీ మైదానంలో ఒక కారు నిలబెట్టి హజార్డ్ వేస్తాం. యాభై అడుగుల వెనక ఇంకో కారులో నేర్చుకునేవాళ్లను కూర్చోబెట్టి, అద్దం మీద గొట్టంతో నీళ్లు కొడుతూ వైపర్ వేస్తాం. ముందు కారులో నేను అప్పుడప్పుడు బ్రేకు నొక్కుతాను. నొక్కినప్పుడల్లా వాళ్లు చెయ్యి ఎత్తాలి, అంతే. ఇండికేటరు నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకుంటుంది, పైగా వైపర్ అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. ఆ గందరగోళంలో సగం సార్లు చేతులు ఆలస్యంగా లేస్తాయి, కొన్నిసార్లు లేవవు. తర్వాత హజార్డ్ తీసేసి మామూలు ఎర్ర దీపాలు మాత్రం ఉంచి బ్రేకు నొక్కుతాను. అందరి చేతులూ ఒకేసారి లేస్తాయి. ఇక నేను ఉపన్యాసం ఇవ్వాల్సిన పని ఉండదు.

స్థిరంగా వెలిగే రెండు ఎర్ర దీపాల వల్ల ఇంకో మేలు ఉంది. వాటి మధ్య ఎడం పెరుగుతుంటే మనం దగ్గరవుతున్నాం, అలాగే ఉంటే సమానంగా పోతున్నాం. రాత్రి బస్సు నడిపేవాళ్లందరూ దూరాన్ని ఇలాగే కొలుస్తారు, తెలిసి కొంత, తెలియక కొంత. ఆరి వెలిగే దీపంతో ఆ కొలత తెగిపోతూ ఉంటుంది.

మీ వాదనలో నిజం లేకపోలేదు, అదీ చెబుతాను. వెనకవాళ్లకు కనిపించాలనే కదా మీరు వేశారు. పాతరకం బల్బులున్న కార్లలో వెనక ఎర్ర దీపం 5 వాట్లు, ఇండికేటరు 21 వాట్లు. అంటే కుండపోతలో దూరం నుంచి ముందు కంటబడేది ఇండికేటరే. మీ తాపత్రయం సబబే, ఎంచుకున్న స్విచ్ తప్పు.

సరైన స్విచ్ హెడ్‌లైట్లది. లో బీమ్‌లో, అంటే వెలుతురు కిందికి రోడ్డు మీద పడేలా, పెట్టండి. ఇది ముందు చూడటానికని అందరూ అనుకుంటారు. వానలో దాని అసలు పని, హెడ్‌లైట్లతోపాటు వెనక ఎర్ర దీపాలు కూడా వెలగడం. ఇక్కడే ఈమధ్య ఒక కొత్త చిక్కు వచ్చింది. ఇప్పటి కార్లకు పగటిపూట ముందు తెల్లగా వెలిగే సన్నని దీపాలు ఉంటున్నాయి. ఇంజిన్ వేస్తే అవే వెలుగుతాయి. డ్రైవరు ముందున్న బండి మీద తన వెలుతురు చూసి లైట్లు ఉన్నాయనుకుంటాడు. చాలా కార్లలో అవి వెలిగినప్పుడు వెనక ఒక్క దీపం కూడా వెలగదు. బూడిదరంగు వానలో బూడిదరంగు కారు, వెనక చీకటి. ద్విచక్ర వాహనాలకు 2017 ఏప్రిల్ నుంచి హెడ్‌లైటు దానంతటదే వెలగాలని నిబంధన వచ్చింది కాబట్టి ఈ విషయంలో కొత్త బైకువాళ్లే కారువాళ్లకంటే నయం. మీ మీటర్ల పలకలో ఒకదానికొకటి వీపు పెట్టుకున్నట్టుండే రెండు చిన్న దీపాల పచ్చగుర్తు వెలుగుతుందేమో చూడండి. అది ఉంటే వెనక దీపాలకు కరెంటు వెళుతున్నట్టు.

కొన్ని కార్లకు వెనక ఫాగ్ లైటు కూడా ఉంటుంది. అది 21 వాట్ల ఎర్ర దీపం, ఆరదు, కొట్టుకోదు. మీరు హజార్డ్‌తో సాధించాలనుకున్నది దీనితో సాధించవచ్చు. గుర్తు పసుపు రంగులో, కుడివైపు గీతలతో ఉంటుంది. ముందు ఫాగ్ లైటు గుర్తు పచ్చగా, ఎడమవైపు గీతలతో ఉంటుంది. వాన తగ్గగానే వెనకది తీసేయాలి, లేకపోతే వెనకవాడి కళ్లు మిరుమిట్లు గొలుపుతాయి, బ్రేకు దీపం అందులో కలిసిపోతుంది. మన దగ్గర అమ్మే చాలా కార్లకు ఇది ఉండదు. ఉన్నవాళ్లలోనూ ఆ స్విచ్ ఎప్పుడూ నొక్కనివాళ్లే ఎక్కువ.

హై బీమ్ మాత్రం వద్దు. మీ బావమరిది ‘ఎక్కువ లైటు వేయాలి’ అన్నాడని రాశారు, ఆ ముక్కలో అతను తప్పు. వాన చినుకులైనా పొగమంచైనా ఆ వెలుతురును వెనక్కి మీ కళ్లలోకే కొడతాయి. ఎదురుగా తెల్లగోడ లేచినట్టు ఉంటుంది.

ఇక వేగం. ఏ దీపం వేశామన్న దానికంటే నాకు దీని మీదే పట్టింపు ఎక్కువ. ఔటర్‌లో కుడి వరుసల్లో 120 వరకు పోవచ్చని 2023లో అనుమతి ఇచ్చారు. ఆ అంకె ఎండరోడ్డుది. 80లో పోయే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ముందు ఏదో ఉందని తెలిసి కాలు బ్రేకు మీద పడేలోపు ఒకటిన్నర సెకను పోతుంది, అంటే 33 మీటర్లు. తడిరోడ్డు మీద మంచి టైర్లతో ఆగడానికి ఇంకో 60 మీటర్లు అనుకోండి. మొత్తం 90 పైనే. మీరే రాశారు, ముందు బండి ఆనడం లేదని. 50 మీటర్లు కూడా కనిపించని చోట 80లో పోతున్నారంటే చూడకుండా పోతున్నట్టే. నాలుగు దీపాలేమిటి, నలభై దీపాలు కొట్టుకున్నా మిమ్మల్ని ఆపలేవు. అదే లెక్క 40లో 32 మీటర్లకు దిగుతుంది. టైరు గాళ్లు అరిగి ఉంటే ఈ లెక్కలన్నీ ఇంకా పెరుగుతాయి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు చట్టం ఒప్పుకునే కనిష్ఠం. వానాకాలానికి అది చాలదని నా అభిప్రాయం. రోడ్డు మీద నీరు నిలిచిన చోట అరిగిన టైరు నీళ్లను పక్కకు నెట్టలేక వాటి మీద తేలుతుంది. స్టీరింగు ఒక్కసారిగా తేలికైపోయినట్టు అనిపిస్తే అదే. అప్పుడు బ్రేకు తొక్కకండి, స్టీరింగు తిప్పకండి, యాక్సిలరేటరు నుంచి కాలు తీసి నిటారుగా పోనివ్వండి.

హజార్డ్ పెట్టుకుని హాయిగా 80లో పోయేవాళ్లను చాలామందిని చూశాను. ఆ టిక్కుటిక్కు శబ్దం తామేదో జాగ్రత్త తీసుకున్నామన్న తృప్తినిస్తుంది. వేగం తగ్గించాల్సినవాడు తృప్తిపడి ఊరుకుంటాడు. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

నడుస్తూ హజార్డ్ అసలే వేయకూడదా అంటే, నేను వేసే సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఔటర్ మీదో హైవే మీదో వేగంగా పోతుంటే ముందు బండ్లన్నీ ఉన్నట్టుండి ఆగిపోయాయనుకోండి. బ్రేకు తొక్కుతూ హజార్డ్ నొక్కుతాను, అద్దంలో చూస్తూ ఉంటాను, నా వెనక రెండు బండ్లు నెమ్మదించగానే తీసేస్తాను. పది సెకన్ల పని. కొన్ని కొత్త కార్లు గట్టిగా బ్రేకు తొక్కితే ఈ పని తామే చేస్తాయి. రెండోది, బండి చెడి ఈడ్చుకుంటూ పక్కకు చేరాల్సివచ్చినప్పుడు. ఇక వాన ఎంత ఉద్ధృతంగా ఉన్నా, ఇరవైలో పాకాల్సినంత గుడ్డితనం వస్తే ఔటర్ మీద అలా పాకడం కంటే తర్వాతి ఎగ్జిట్‌లో దిగిపోవడం మంచిది. అక్కడ 40 కంటే తక్కువ వేగంతో పోకూడదన్న నిబంధన ఊరికే పెట్టలేదు. దిగేదాకా ఆ కొద్దిసేపు హజార్డ్ వేశారంటే నేను తప్పుపట్టను. దిగే ముందు తీసేసి ఎడమ ఇండికేటరు వేయండి.

ఫ్లోరిడా సంగతి నిజమే, కానీ మీ స్నేహితుడు సగమే చెప్పాడు. అక్కడ నడుస్తున్న బండి హజార్డ్ వేయడం అంతకుముందు నిషేధం. 2021 జులై నుంచి సడలించారు, అదీ గంటకు 55 మైళ్లు, అంటే సుమారు 88 కిలోమీటర్లు, లేదా అంతకుమించిన వేగపరిమితి ఉన్న రోడ్ల మీద, దాదాపు ఏమీ కనిపించని స్థితిలో మాత్రమే. బ్రిటన్‌లో నడుస్తూ వేయకూడదు. మోటర్‌వేల వంటి వేగపు రోడ్ల మీద ముందున్న ప్రమాదాన్ని వెనకవాళ్లకు తెలపడానికి మాత్రం వేయవచ్చు, అంటే నేను పైన చెప్పిన పది సెకన్ల పనే. చినుకు పడగానే స్విచ్ నొక్కమని ఈ రెండు చోట్లా ఎవరూ చెప్పలేదు.

బండి ఆగిపోతే సంగతి వేరు. అప్పుడు హజార్డ్ వెంటనే వేయాలి. ఔటర్ మీద అయితే వీలైనంత ఎడమ అంచుకు చేర్చండి. ట్రాఫిక్ లేని వైపు తలుపు నుంచి అందరినీ దింపి ఇనుప కంచె అవతల నిలబెట్టండి. వాన పడుతోంది కదా అని కారులోనే కూర్చోవడం ఔటర్ మీద అందరూ చేసే పొరపాటు. తడిస్తే ఆరతాం. ఎర్ర త్రికోణం ఉంటే కంచె వెంబడి వెనక్కి నడిచి దూరంగా పెట్టండి, నగరంలో 50 మీటర్లు, వేగపు రోడ్డు మీద కనీసం 100. చీకట్లో వానలో అంతదూరం నడవడం ప్రమాదమనిపిస్తే వదిలేయండి, మీకంటే త్రికోణం ముఖ్యం కాదు. సాయానికి 112, జాతీయ రహదారి మీద అయితే 1033. హజార్డ్ గంటల తరబడి వెలిగితే పాత బ్యాటరీ దిగిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

నీళ్లలో ఆగిపోయినా అంతే, హజార్డ్ వేసి దిగిపోవాలి. మళ్లీ స్టార్ట్ చేయాలని చూడకండి. ఇంజిన్‌లోకి నీళ్లు చేరి ఉంటే ఆ ఒక్క ప్రయత్నంతో లోపలి కడ్డీలు వంగిపోతాయి. మలక్‌పేట రైలు వంతెన కింద ఏటా ఇదే జరుగుతుంది. ముందు బస్సు దాటిందని మన కారు దాటదు, బస్సు ఎత్తు వేరు.

ఊళ్లో వాన పడితే ఇంకో సమస్య ఉంది, హైదరాబాద్‌లో బండి నడిపేవాళ్లకు చెప్పనక్కర్లేదు. చినుకు మొదలవగానే బైకువాళ్లందరూ మెట్రో స్టేషన్ల కింద, ఫ్లైఓవర్ల కింద ఆగిపోతారు. ఒక వరుసతో మొదలై రెండో వరుస దాకా వస్తారు. వాళ్ల తప్పనలేను, ఎక్కడికి పోతారు పాపం. అమీర్‌పేటలోనో ఇంకెక్కడో స్టేషన్ నీడలోకి వెళ్లే ముందే నెమ్మదించండి. బయటి తెల్లదనం నుంచి ఆ చీకట్లోకి వెళ్లగానే నల్ల రెయిన్‌కోట్లు కనిపించవు. హజార్డ్ అక్కడ కూడా పనికిరాదు. కుడికి జరగడానికి మీకు ఇండికేటరు కావాలి.

కూడలిలో తిన్నగా పోతున్నామని చెప్పడానికి నాలుగు ఇండికేటర్లూ వేసే అలవాటు మన ఊళ్లో చాలామందికి ఉంది. ఏ నిబంధనలోనూ అలా లేదు. పక్క రోడ్డు నుంచి వచ్చేవాడికి మీ ఒకవైపు దీపమే కనిపిస్తుంది కాబట్టి మీరు తిరుగుతున్నారనుకుంటాడు. తిన్నగా పోయేవాడు ఏమీ వేయకూడదు.

పొగమంచు గురించి అడగలేదు కానీ, మీరు హనుమకొండకు తరచూ వెళ్తారు కాబట్టి ఒక మాట. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఔటర్ మీదా, దాన్ని దాటాక చెరువుల పక్కనా కమ్ముకుంటుంది. పైన చెప్పినవన్నీ అక్కడా వర్తిస్తాయి. ముందున్న లారీ వెనక దీపాన్ని పట్టుకుని పోవడం తెలివైన పనిలా ఉంటుంది, అది రోడ్డు దిగితే మీరూ దిగుతారు. విజయవాడ రాత్రి సర్వీసుల్లో మేం మంచు మరీ దట్టమైతే సూర్యాపేట దగ్గర హోటల్ ముందు బస్సు ఆపేసేవాళ్లం. ప్రయాణికులు మొదట సణిగేవాళ్లు. రెండో టీ అయ్యేసరికి పొద్దు పొడిచేది, అందరం బయల్దేరేవాళ్లం.

మీరు అడిగిన చిన్న ప్రశ్న, అద్దానికి లోపల ఆవిరి పట్టడం. గుడ్డతో తుడుస్తూ నడపకండి. ఏసీ వేసి గాలిని ముందు అద్దం మీదికి తిప్పండి, లోపలి గాలే తిరిగే బటన్ తీసేయండి. ఏసీ ఉక్కపోత తేమను లాగేస్తుంది, నిమిషంలో తేరుకుంటుంది. తుడిచినా పోవడం లేదంటే ఆవిరి బయట పట్టింది, అప్పుడు ఏసీ చల్లదనం కాస్త తగ్గించి వైపర్ వేయండి.

ఇవాళ రాత్రి ఒక పని చేయండి. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు వెనకభాగం గోడకు రెండడుగుల దూరంలో పెట్టి, హెడ్‌లైట్లు వేసి, అద్దంలో గోడను చూడండి. రెండు ఎర్ర మరకలు కనిపించాలి. బ్రేకు తొక్కితే రెండూ ఒక్కసారిగా చిక్కబడాలి. ఒకటే కనిపిస్తే బల్బు మాడిపోయి ఎన్నాళ్లయిందో తెలియదు. మెకానిక్ దగ్గర పది నిమిషాల్లో మారుస్తారు. గోడ మొత్తం చీకటిగా ఉంటే మీరు శనివారం ఏ దీపాలతో పోయారో మీకే తెలుస్తుంది.